చెరువు వేరు, కొల్లేరు వేరు

"కొల్లేటిలో చేపలకేమి కొదవండీ? లారీలకు లారీలు తరలిపోతూనే ఉన్నాయి గదా!" అని మొన్న ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. మిత్రులారా, అప్పుడు తడుముకొన్న సమాధానమును ఇప్పుడు వ్రాస్తున్నాను. నేను చేప రుచి యెరుగనివాడను. కనుక ఇది నాలుక చేసే వాదం కాదు.

లారీలకెక్కేవి బొచ్చె, శీలావతి. గట్టు కట్టి, పిల్లను తెచ్చి పోసి, మేత వేసి పెంచినవి. అది వ్యాపారం, తప్పు పట్టను. కాని సరస్సు గర్భంలోనే గట్లు పోసి, కొల్లేరు కళకళలాడుతున్నదనడం, తోట నరికి కుండీలు పేర్చి తోట పెరిగిందనడం వంటిది.

సరస్సుకు ప్రాణం నీటి రాకపోకలు. బుడమేరు, తమ్మిలేరు వానకాలంలో నీరు తెస్తాయి. ఉప్పుటేరు దానిని సముద్రానికి చేరుస్తుంది. నీరు పరచుకొన్నప్పుడు పల్లపు గడ్డిలో కొరమీను గ్రుడ్లు పెట్టి పిల్లలను కాచుకొంటుంది. నీరు తీసినప్పుడు బయటపడిన బురదలో కొంగలకు మేత దొరుకుతుంది. గట్టు ఈ రెంటికీ అడ్డు. వరదకు చోటు చాలక పొలాలు మునుగుతాయి. వేసవిలో సరస్సు తగ్గితే ఉప్పునీరు ఎగదన్నుతుంది.

1999లో అయిదవ కాంటూరు వరకు అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు తెగగొట్టారు. 2008లో మూడవ కాంటూరుకు కుదించాలని శాసనసభయే తీర్మానించింది! తెగిన గట్లలో అనేకం మరల లేచాయి.

లేవవా మరి? 1970వ దశకంలో లంక గ్రామాల సహకార సంఘాలకు చెరువులు ఇప్పించినది ప్రభుత్వమే. పోనుపోను వాటి లాభం చాలవరకు పెట్టుబడిదారుల పాలయింది. గట్టు తెగిన నాడు వీధిన పడ్డది మాత్రం లంకవాసి. అతనికి వల వేసుకొనే నీరు చూపకుండా యంత్రాలు పంపడం పునరుద్ధరణ కాదు, కూల్చివేత.

పునరుద్ధరణ అంటే ఉప్పుటేటి పూడిక తీయడం, మురుగును శుద్ధి చేసి గాని సరస్సులోనికి విడువకపోవడం, గుర్రపుడెక్కను ఏటేటా తొలగించడం, వేటహక్కును లంకల జాలరులకే ఉంచడం. ఇవి ఒక్క వేసవిలో ముగిసేవి కావు; ఫోటోలకు పనికివచ్చేవీ కావు. అందుకే కాబోలు, ఎవరికీ పట్టవు.

ఆ పెద్దమనిషికి నా మనవి ఒక్కటే. అయ్యా, లారీలను లెక్కించకండి. ఎవరూ పిల్లను పోయకుండా, కొల్లేటిలో తనంతట పుట్టిన చేప ఎంత ఉన్నదో చూపండి. అది సమృద్ధిగా కనిపించిన నాడు నా వాదమును సంతోషంగా ఉపసంహరించుకొంటాను.