కొటేషన్ లేని 040

హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040. దాన్ని సెట్టింగులు రాసుకునే యామెల్ ఫైల్లో కొటేషన్లు లేకుండా రాసి, పైథాన్‌లో పైయామెల్ లైబ్రరీతో చదివించండి. 32 వస్తుంది. ముందు సున్నా ఉండి 8, 9 అంకెలు లేకపోతే దాన్ని ఎనిమిదుల లెక్కలో చదవాలన్నది పాత యామెల్ నియమం. నాలుగు ఎనిమిదులు 32. పక్కనే రాసిన విజయవాడ 0866 మాత్రం రాసినది రాసినట్టే ఉంటుంది, అందులో 8 ఉంది గనుక. ఎర్రర్ రాదు. విజయవాడతో పరీక్షించి సరేననుకున్నవారికి హైదరాబాద్ సంగతి ఎలా తెలుస్తుంది?

మరో ఫార్మాట్ జేసన్‌లో ఒక కామా ఎక్కువైతే ప్రోగ్రాము అక్కడే ఆగి, తప్పు ఏ లైనులో ఉందో చెబుతుంది. విసుక్కుంటూ దిద్దుకుంటాం, ప్రమాదం తప్పుతుంది. భయపడాల్సింది తప్పుగా చదివించుకుని నోరు మెదపని ఫైలుకే. నార్వే దేశానికి రెండక్షరాల కోడ్ ఎన్‌ఓ. పాత యామెల్‌కు అది ‘కాదు’ అనే జవాబు. పోర్టుల కోసం 22:22 అని రాస్తే అరవైల లెక్కలో 1342 అవుతుంది. 2009లో వచ్చిన యామెల్ 1.2 ఈ వింత నియమాలను తీసేసింది. పైయామెల్ మాత్రం ఇప్పటికీ 1.1 వెంటే ఉంది. పైథాన్ వెర్షన్ 3.10 అని రాస్తే 3.1గా మారే బెడద కొత్త యామెల్‌లోనూ పోలేదు.

ఇంతకంటే పెద్ద ముప్పు భద్రతది. 2013 జనవరిలో వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో బయటపడ్డ లోపంతో, బయటివాళ్లు పంపిన యామెల్‌ను చదవడమే సర్వర్‌లో వాళ్ల కోడ్ నడవడానికి దారైంది. పైథాన్‌లో యామెల్ చదవడానికి సేఫ్‌లోడ్ తప్ప మరొకటి వాడకండి.

మామూలు టెక్స్టుకు వెళ్తే గండం గడిచినట్టేనా? లేదు. డాట్ ఎన్వ్ ఫైల్లో డీబగ్‌కు ‘ఫాల్స్’ అని రాస్తాం. ప్రోగ్రాముకు అందేది ఉత్త మాట. ఖాళీ కాని ఏ మాటనైనా పైథాన్ ‘నిజం’గానే లెక్కిస్తుంది. మనం ఆపామనుకున్న డీబగ్ నడుస్తూనే ఉంటుంది, లోపలి వివరాలు ఎర్రర్ పేజీలో ఊరందరికీ కనిపిస్తాయి.

నాలుగైదు సెట్టింగులుంటే పేరు, విలువ రాసుకునే మామూలు ఫైలు చాలు, విలువలను కోడ్‌లో జాగ్రత్తగా మార్చుకుంటే. మనుషులు దిద్దే ఫైలుకు నా ఓటు టామెల్ అనే ఫార్మాట్‌కే. మాటలకు కొటేషన్ తప్పనిసరి, 040 అని ఊరికే రాస్తే ఒప్పుకోదు, కామెంట్లకు చోటుంది, పైథాన్ 3.11 నుంచి దాన్ని చదివే సౌకర్యం భాషతోనే వస్తోంది. జేసన్‌లో కామెంట్లకు చోటు లేదు, అది యంత్రాల మధ్య రాకపోకలకే మేలు. కుబర్నెటిస్, గిట్‌హబ్ యాక్షన్స్ దగ్గర మాత్రం యామెల్‌తోనే బతకాలి.

కాబట్టి తదుపరి డిప్లాయ్‌కు ముందే మీ యామెల్ ఫైళ్లు తెరవండి. ఫోన్ కోడ్లు, వెర్షన్లు, దేశాల కోడ్లు, 22:22 లాంటి పోర్టుల జతలు, ఏది కనిపించినా కొటేషన్లలో పెట్టండి. ఏ విలువ ఏ రకమో చెప్పే స్కీమాతో సరిచూడని ఏ ఫైలునూ సర్వర్ ఎక్కనివ్వకండి.