పెద్ద ఇల్లు వదలడం ఎప్పుడు?

ప్రశ్న: భద్రాచలంలో మాది ఎనిమిది గదుల ఇల్లు. పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు. మేమిద్దరమే మిగిలాం. చిన్న ఇంటికి ఎప్పుడు మారమంటారు? – ఒక సోదరి

జవాబు: గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన ఊరు మీది. మూడోది వచ్చాక బీరువా ఎత్తుదామంటే కుదురుతుందా, అమ్మా? ఇంటికీ అంతే. గదులకు తాళాలు పడితే మొదటి హెచ్చరిక, మేడ మెట్లు ఎక్కడం మానేస్తే రెండోది. అప్పుడే కదలండి. ఏ సామాను ఎవరికో ఇద్దరూ కలిసి చెప్పగలరు. ఒకరే మిగిలాక ఆ మాట పిల్లలదవుతుంది. (పడకకుర్చీని మాత్రం మీవారు వదలరు, తెచ్చుకోనివ్వండి.) పాత ఇల్లు అప్పుడే అమ్మకండి. ముందు ఆరు నెలలు అద్దెకుండి చూడండి, అదే ఊళ్ళో, మెరకన. అడ్వాన్సు ఇచ్చే ముందు 2022లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఇరుగుపొరుగును అడగండి.