మట్టితొట్టికి భాష అంటగట్టొద్దు

మొన్న హోసూరులో ఒక సభ. మనవాడొకాయన మైకు పట్టుకొని, మొరసునాటి రాతిగూళ్ళన్నీ తెలుగువాళ్ళ సమాధులేనని ఢంకా బజాయించాడు. చప్పట్లు మోగినాయి. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పుకోను అక్కడ నాకు రెండు నిమిషాలు ఇవ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తిట్టదలచినవాళ్ళు పత్రికకే రాయండి.

తమిళనాడు పురావస్తు శాఖ 2021లో మన కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో తవ్వకాలు జరిపింది. అక్కడి ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022 మే నెలలో ప్రకటించారు. అప్పటినుంచి అవతలివాళ్ళు ‘మా తాతలది’ అంటారు, మనవాళ్ళు ‘కాదు, మా ముత్తాతలది’ అంటారు. అయ్యా, తొలి తెలుగు శాసనమని మనం చెప్పుకొనే కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 నాటిది. ఈ గూళ్ళు అంతకు ఎన్నో వందల ఏండ్ల ముందువి. వీటిలో పడుకున్నవాళ్ళ కోసం ఏ భాషలో ఏడ్చారో కుండమీది గీతలు చెప్పవు. చెప్పనిదాన్ని చెప్పించడం పాండిత్యం కాదు, దొంగసాక్ష్యం.

సరే, అవి ఎవరివైనా కానీ. వాటిని మనమేం చేసినాం?

నాకు పదేండ్లప్పుడు మా మామ చేనిక్కాయల చేను చదును చేస్తుంటే గడ్డపారకు ‘టంగు’మని తగిలింది. చుట్టూ రాతిపలకలు, నడుమ మట్టితొట్టి. మనిషి మోకాళ్ళు ముడుచుకుంటే పట్టేంత. కింద రెండు వరసల పొట్టి కాళ్ళు, పైన మూత. పక్కన కుండలు, లోపల నలుపు, బయట ఎరుపు. ఆ రంగు పూసింది కాదు. బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలిభాగం నల్లబడుతుంది, బయటిది ఎర్రబడుతుంది. ఇదంతా నాకు నలభై ఏండ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు మావాళ్ళకు తెలిసింది ఒకటే, బంగారముంటుందని. తొట్టిని సుత్తితో పగలగొట్టినారు. నేనూ ఒక రాయి వేసినాను. దొరికినవి ఎముకల ముక్కలు, తుప్పు పట్టిన ఇనుప కత్తి. ఎముకలు చెరువులో పారేసినారు. ‘పాండవులదిరా, పాపం తగులుతుంది’ అని మా అవ్వ ఒక్కతే మొత్తుకునింది. ఆమెకు పురావస్తు శాస్త్రం రాదు, అయినా ఆ చేనిలో బుద్ధి ఉండిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ చేని పక్క గుట్ట ఇప్పుడు లేదు. కంకరైపోయింది. గుట్టమీది గూళ్ళూ దానితోనే పోయినాయి. ఆ క్వారీకి సంతకం పెట్టినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు. అక్కడ మాత్రం భాషా తగాదా రాలేదు!

ఇలాంటి తొట్లు మన జిల్లాకే సొంతం కావు. చెన్నై దగ్గర పల్లావరంలో దొరికినాయి. కడప జిల్లా శంఖవరంలో దొరికినదైతే పొట్టేలు ఆకారంలోనే ఉంది, చెన్నై మ్యూజియంలో చూడవచ్చు. చచ్చినవాడిని పొట్టేలు కడుపులో పడుకోబెట్టిన ఆ కుమ్మరి చేతికి దండం పెట్టాలి. కడపకూ పల్లావరానికీ మధ్య అప్పుడు రాష్ట్రాల సరిహద్దు లేదు.

పరాయిదేశం ముచ్చట ఒకటి చెప్తాను, అది మనకే తగులుతుంది. మెక్సికోలో వహాకా అనే సీమ ఉంది. అక్కడి జపొటెక్ జనం స్పానిష్ రాజ్యమేలే దేశంలో తమ భాషను ఇంట్లో కాపాడుకుంటున్న అల్పసంఖ్యాకులు, మనలాగే. వాళ్ళ పూర్వీకులు మోంటే ఆల్బాన్ కొండమీద, క్రీ.పూ. 500 ప్రాంతంలో మొదలైన నగరంలో, సమాధుల్లో మట్టిబొమ్మలు పెట్టేవారు. బాసింపట్టు వేసి కూర్చున్న మనిషి, తలమీద పెద్ద కిరీటం, మొహాన వాన దేవుడు కొసీహో ముసుగు, వెనక గొట్టంలాంటి కుండ. అస్థికుండలని పేరు పడినాయి గానీ వాటిలో అస్థికలు ఉండవు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విదేశీ సేకర్తలు ఎగబడి కొంటుంటే దొంగబొమ్మలు తయారైనాయి, పెద్ద పెద్ద మ్యూజియాలే మోసపోయినాయి. ఏ చేనిలో, ఏ లోతున, దేని పక్కన దొరికిందో రాయకుండా పెరికిన వస్తువుకు ఆ గతే.

ఆ సీమలోనే సాంతా ఆనా దెల్ వాయే అని ఒక ఊరు. ఊరి నడుమ పాత వస్తువులు బయటపడితే పట్నం మ్యూజియానికి పంపకుండా ఊరివాళ్ళే 1986లో సొంత మ్యూజియం పెట్టుకున్నారు. దానికి తమ భాషలోనే ‘షాన్-దానీ’ అని పేరు, కొండ కింద అని అర్థం. వాళ్ళకు ఆ బొమ్మలతో భాషా బంధుత్వం ఉంది, మనకు రుజువు లేదు. అయినా కాపలా కాసేవాడిని బంధుత్వపు పత్రం అడిగేవారెవరు?

సభలు పెట్టే మన సంఘాలకు నా అడుగుడు ఇది. మల్లచంద్రం గుట్టకు ఒక ఆదివారం బస్సు పెట్టండి. ఏ ఊళ్ళో ఏ గూటిని అవ్వలు ఏమని పిలుస్తారో, ఏ చేనిలో ఏం దొరికిందో తెలుగులో రాయించండి. కృష్ణగిరి మ్యూజియంలో తెలుగులో కూడా ఒక చీటీ అంటించమని అర్జీ పెట్టండి. ఇంతవరకు మనలో ఎవరైనా అడిగినామా? భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నుంచి చట్టముంది, అది కూడా చదివి వినిపించండి.

ఆ తొట్టి కాలొకటి నా దగ్గరే ఉంది. మా అవ్వ దానిమీద దీపం పెట్టేది, ఆమె తర్వాత నా పుస్తకాల బీరువాలో చేరింది. చట్టప్రకారం నేనూ దోషినే. వచ్చే సోమవారం దాన్ని గుడ్డలో చుట్టుకొని కృష్ణగిరి బస్సెక్కుతున్నాను. చేని సర్వే నంబరు చీటీమీద రాసిపెట్టినాను, తెలుగులోనూ తమిళంలోనూ.