హైదరాబాదు కార్యాలయాల తరలింపు - ప్రజా రవాణా

హైదరాబాదు కార్యాలయాల తరలింపు అనగా కోఠి, ఆబిడ్స్, నాంపల్లి, సచివాలయ పరిసరాలలో కేంద్రీకృతమై ఉండిన ఉద్యోగాలు 1998 తరువాత పడమర దిక్కున మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల వైపు విస్తరించిన పరిణామం. నగర ప్రజా రవాణా ఈ మార్పును సకాలంలో అందుకోలేకపోయినది.

నేపథ్యం

పూర్వం సిటీ బస్సు మార్గాలు ఎక్కువగా కోఠి, అఫ్జల్‌గంజ్, సికింద్రాబాదు కూడళ్ళ చుట్టూ అల్లుకొని ఉండేవి. పది గంటలకు తెరచి ఐదు గంటలకు మూసే ప్రభుత్వ కార్యాలయాలకు ఆ అమరిక చక్కగా సరిపోయేది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనది. 2003లో ఎమ్ఎమ్‌టిఎస్ రైళ్ళు వచ్చినవి గాని, హైటెక్ సిటీ స్టేషనులో దిగినవారు మళ్ళీ ఆటో వెదుక్కోవలసి వచ్చేది. మెట్రో రాయదుర్గం చేరేసరికి 2019 నవంబరు అయినది, అనగా 21 సంవత్సరాలు. అప్పటికే కార్యాలయాలు రాయదుర్గం దాటిపోయినవి. ఈలోగా పెద్ద సంస్థలు సొంత బస్సులు, క్యాబులు ఏర్పాటు చేసుకొనగా, ఛార్జీ చెల్లించగల ప్రయాణికులు ఆర్టీసీకి దూరమైనారు.

క్షీణత

2019 అక్టోబరులో మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగినది. దాని అనంతరం, నష్టాల కారణంగా, నగరంలో సుమారు వెయ్యి బస్సులు తగ్గించబడినవి. 2020 మార్చి 22 నుండి సెప్టెంబరు 6 వరకు కోవిడ్ వలన మెట్రో నడవలేదు. ఆ పిమ్మట ఇంటి నుండి పని, వారానికి రెండు మూడు రోజుల హాజరు అలవాటైనవి. నెలవారీ పాసు రోజూ ప్రయాణించేవారికే గిట్టుబాటు. మూడు రోజులు వచ్చే ఉద్యోగి పాసు కొనడు. కాని ఆ మూడు రోజులూ రద్దీ వేళలోనే వస్తాడు. కనుక బస్సు, డ్రైవరు ఖర్చు తగ్గక, రాబడి మాత్రమే తగ్గుతుంది.

ఆ అద్దాల మేడలను ఊడ్చేవారికి, కాపలాదారులకు, క్యాంటీను పనివారికి ఇంటి నుండి పనిచేసే వీలు లేదు. సంస్థ క్యాబు చాలామందికి రాదు. ఈ విషయం గణాంకాల చర్చలో తరచుగా మరుగున పడుతుంది. 2023 డిసెంబరు 9న తెలంగాణ మహిళలకు ఉచిత ప్రయాణం ప్రారంభమైన తరువాత బస్సులు కిటకిటలాడుట చూడగా, తగ్గినది ప్రజల అవసరం కాదని, బస్సులేనని స్పష్టమగుచున్నది.

ప్రత్యామ్నాయాలు

నాగోలు-రాయదుర్గం మెట్రో రైళ్ళు ఉదయం పడమరకు నిండుగా పోయి, తూర్పుకు వెలితిగా తిరిగివస్తాయి. ఉప్పల్ వంటి ప్రాంతాలకు ఐటీ సంస్థలను ఆకర్షించుటకు రాష్ట్ర ప్రభుత్వం 2020లో గ్రిడ్ విధానం తెచ్చినది. అయినను కొత్త ఆకాశహర్మ్యాలు అధికంగా కోకాపేట వైపే లేచినవి. రాయదుర్గం-కోకాపేట మెట్రో మార్గం, 2024లో కేంద్ర ప్రభుత్వ ఆమోదానికి పంపిన రెండవ దశ ప్రతిపాదనలలో ఉన్నది.