వాతావరణ సలహా పొలం దాకా రావాలి

వాన కబురు ముందే తెలిస్తే విత్తనం, ఎరువు, మందు ఖర్చు నేలపాలు కాదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వాతావరణ శాఖతో కలిసి ప్రతి మంగళ, శుక్రవారాల్లో సలహాలు ఇస్తున్నారు. వాటిని మండల స్థాయికి తేవడానికి 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టిన 199 జిల్లా విభాగాలను కేంద్ర ప్రభుత్వం 2024లో మూసేసింది. ఇప్పుడు ఒక్కో విశ్వవిద్యాలయ కేంద్రమే కొన్ని జిల్లాలను చూడాలి.

పక్క ఊళ్లో వాన పడితే మన చేను తడవదు. వేరుశనగ వేశాక వాన ముఖం చాటేస్తే రెండోసారి విత్తనం కొనేది మనమే, అప్పు చేసేది మనమే. పరిశోధన విశ్వవిద్యాలయం గేటు దాటి చేనుగట్టుకు రావాలి. ఆ విభాగాలను తిరిగి తెరవాలని ప్రతి మండల సమావేశంలో తీర్మానం చేసి కలెక్టర్లకు అందిద్దాం.