హేగ్ వారెంట్లు, కులం పేరు లేని చట్టం

2025 జులై 8న హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు తాలిబన్ అధినేత హైబతుల్లా అఖుంద్‌జాదా, ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీం హక్కానీలపై అరెస్టు వారెంట్లు జారీ చేసింది. స్త్రీలను స్త్రీలైన కారణంగానే హక్కులకు దూరం చేయడం, అంటే జెండర్ ప్రాతిపదికన సాగిన పీడన, మానవాళిపై నేరమన్నది ప్రధాన అభియోగం. స్త్రీల పక్షం వహించినవారిని వేధించడం కూడా అందులో భాగమే.

అఫ్ఘానిస్తాన్‌లో ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి లేదు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు మూసుకున్నాయి. మరుసటి ఏడాది బ్యూటీ పార్లర్లు మూతపడ్డాయి. 2024 ఆగస్టు నాటి ‘నైతిక’ చట్టం స్త్రీ గొంతు బయట వినిపించరాదంది. ఆ ఏడాది చివర నర్సు, మంత్రసాని శిక్షణలనూ ఆపేశారు. మగ వైద్యుడి వద్దకు స్త్రీ వెళ్లడమే కష్టమైన సమాజంలో ఈ ఉత్తర్వుకు అర్థమేమిటో విడమరచి చెప్పనక్కరలేదు. ఇవేవీ ఎవరో ఆవేశంలో చేసిన దౌర్జన్యాలు కావు, పాలకుల ఫర్మానాలు. చదువును, గొంతును, బహిరంగ స్థలాన్ని ధర్మం పేరిట నిషేధించిన శాసనాలు మన సమాజానికి కొత్తవి కావు గనుకనే ఈ కేసు మనం శ్రద్ధగా చదవవలసినది.

ఈ కోర్టుకు పోలీసు బలగం లేదు. సభ్యదేశమైన మంగోలియా 2024లో పుతిన్‌ను అరెస్టు చేయకుండా సాగనంపింది. అయినా అఫ్ఘానిస్తాన్ 2003లోనే రోమ్ శాసనంలో చేరింది. ఆ శాసనంలో ‘జెండర్’ అన్న మాట ఉంది. 1998 రోమ్ చర్చల్లో వాటికన్, పలు అరబ్ దేశాలు అడ్డుపడినా మహిళా సంఘాలు పట్టుబట్టి సాధించిన మాట అది. అదే లేకుంటే నేటి వారెంట్లకు ఆధారం ఇంత సూటిగా ఉండేది కాదు.

పీడనకు రోమ్ శాసనం చెప్పిన కారణాల్లో జాతి, మతం, సంస్కృతి, జెండర్ ఉన్నాయి, కులం లేదు. ‘అంతర్జాతీయ చట్టం సార్వత్రికంగా నిషేధించిన ఇతర కారణాలు’ అనే వాక్యం ఒకటి ఉంది. కానీ కులాన్ని ఆ కోవలో చేరనివ్వని దేశాల్లో మనదే ముందు వరుస. 2001 డర్బన్ సదస్సులో దళిత సంఘాలు కులవివక్షను చర్చకు పెట్టమంటే, కులం జాతి కాదని భారత ప్రభుత్వం వాదించింది. జన్మ ఆధారిత వివక్షలో కులమూ భాగమేనని ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ 2002లో స్పష్టం చేసినా ఆ వైఖరి మారలేదు.

నేరానికి పేరు లేకపోతే ఏమవుతుందో ఖైర్లాంజీ చెబుతుంది. 2006లో అక్కడ ఒక దళిత తల్లిని, కూతురిని, ఇద్దరు కొడుకులను చంపారు. హంతకులకు శిక్షలు పడ్డాయి. కానీ అట్రాసిటీ చట్టం వర్తించదని విచారణ కోర్టు, బొంబాయి హైకోర్టు రెండూ తేల్చాయి. తీర్పులో హత్య మిగిలింది, కులం జారిపోయింది. చట్టం ఉన్న చోటే ఇలా జరిగితే, అసలు ఆ మాటే లేని అంతర్జాతీయ శాసనం గురించి చెప్పేదేముంది?

రోమ్ శాసనంలో భారత్ చేరలేదు కాబట్టి హేగ్ మనల్ని నేరుగా తాకదు. అఫ్ఘానిస్తాన్‌పై సర్వప్రతినిధి సభ తీర్మానానికి 2025 జులైలో 116 దేశాలు ఓటేస్తే మన దేశం ఓటింగుకు దూరంగా ఉంది. అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తఖీ ఢిల్లీలో మహిళా పాత్రికేయులు లేకుండా విలేకరుల సమావేశం జరిపారు. విమర్శలు చెలరేగాక రెండు రోజులకు వారినీ పిలిచారు. మొదటి సమావేశంతో తమకు సంబంధం లేదన్నది ప్రభుత్వ వివరణ. దౌత్య అవసరాలు ఉండవచ్చు. మౌనం కూడా ఒక వైఖరే.

మానవాళిపై నేరాల గురించి కొత్త ఒప్పందం కోసం 2028, 2029లలో ఐక్యరాజ్యసమితి ప్రతినిధుల సదస్సులు జరగనున్నాయి. అపార్థైడ్ నేరం ఇప్పటివరకు జాతికే పరిమితం కాబట్టి, ‘జెండర్ అపార్థైడ్’ను అందులో చేర్చాలని అఫ్ఘాన్ మహిళలు దేశదేశాల్లో ప్రచారం చేస్తున్నారు. పీడన కారణాల్లో కులాన్నీ చేర్చమని దళిత మహిళా సంఘాలు అడగవలసిన వేదిక కూడా అదే. వారు అడిగితే, డర్బన్‌లో వినిపించిన జవాబే ఢిల్లీ మళ్లీ చెబుతుందా అన్నది మన ఎంపీలను ఇప్పుడే అడగవచ్చు.