గ్యాసు పోయిన కారు మీద తీర్పులా?

పాత లగ్జరీ కారెక్కి ఓ పది నిమిషాలు తిరిగొచ్చి, "అబ్బే, అంతా హైపు, మన కొత్త కారే నయం" అని తేల్చేసే పెద్దమనుషులకి లోటు లేదు. నా దృష్టిలో వీళ్ళ నోట్లో పడి ఎక్కువ అన్యాయమైపోయేది సిట్రోయెన్ డీఎస్.

ఎవరి అభిప్రాయం వాళ్ళది, కాదనను. నేనడిగేదల్లా ఒక్కటే. అయ్యా, మీరు టెస్ట్ చేసింది ఏ కారుని? 1955లో పారిస్ మోటార్ షోలో మొదటిరోజే దాదాపు 12 వేల ఆర్డర్లు తెచ్చుకున్న కారునా, లేక గ్యాసంతా పోయి చెక్కబల్లలా బిగుసుకుపోయిన దాని పెంకునా?

ఆ సస్పెన్షన్ సంగతి కాస్త చూద్దాం. మామూలు స్టీలు స్ప్రింగు బదులు ఒక్కో చక్రానికి ఒక్కో లోహపు గోళం. దాని మధ్యలో రబ్బరు పొర. పొరకి ఒకవైపు నైట్రోజన్, రెండోవైపు ఆయిలు. చక్రం గతుకెక్కితే ఆయిలు వెళ్ళి గ్యాసుని నొక్కుతుంది. ఆ గ్యాసే స్ప్రింగు. గోళం మెడ దగ్గర సన్నటి దారిలోంచి ఆయిలు కష్టపడి దూరడమే డాంపింగు. వెనక నలుగురెక్కి కారు కుంగిందనుకోండి, పంపు మరికాస్త ఆయిలు పంపి మళ్ళీ పాత ఎత్తుకే లేపుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ నైట్రోజన్ ఏళ్ళ తరబడి పొరలోంచి కొంచెం కొంచెంగా జారిపోతుంది. గ్యాసు పోయాక మిగిలేది ఆయిలు, అది నొక్కితే నొక్కుకుపోయే రకం కాదు. అంటే ఇక స్ప్రింగే లేదన్నమాట! అయినా కారు నడుస్తుంది, ఎత్తూ సరిగ్గానే ఉంటుంది, పెయింటు తళతళలాడుతుంది. ఎర్రర్ మెసేజ్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. ఇలాంటి ఫెయిల్యూర్లు మనకి కొత్తా?

పోనీ పట్టుకోవడం కష్టమా అంటే అదీ కాదు. ఇంజను ఆన్ చేసి, కారు పూర్తిగా లేచాక, ఒక్కో మూల చేత్తో నొక్కి చూడాలి. మెత్తగా కుంగి లేస్తే సరే. రాయిలా ఉంటే గోళంలో గ్యాసు లేదు, టెస్ట్ అక్కడితో ఆపెయ్యాలి. దీనికి అర నిమిషం చాలు.

తర్వాత టైర్లు. రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. సీట్లలో ఫోమ్ పొడైపోతుంది. ఆయిలు సంగతి మరీ ఘోరం. మొదట్లో వాడిన ఎర్ర ఆయిలు నీటిని పీల్చుకుని లోపల తుప్పు పట్టించేది. అందుకే 1960ల రెండో సగంలో ఆకుపచ్చ మినరల్ ఆయిలుకి మారారు. ఒకదానికి చేసిన కారులో రెండోది పోస్తే సీళ్ళు పాడైపోతాయి. వెర్షన్ చూసుకోకుండా లైబ్రరీ మార్చినట్టే.

ఇంకొందరు ఫోన్ సీటు మీద పెట్టి కుదుపుల సగటు తీసి చూపిస్తారు. నిలువు కుదుపుల్లో మన ఒంటిని ఎక్కువ బాధపెట్టేవి 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్యవి. అన్నిటినీ ఒకే గాటన కట్టేసి సగటు తీస్తే ఏం తెలుస్తుంది? పైగా నడుం విరగ్గొట్టే గుంత ఒక్కటే అయితే అది సగటులో కరిగిపోతుంది. సర్వర్ స్పీడుని సగటుతో కొలిస్తే ఒప్పుకుంటామా మనం?

డీఎస్‌లో లోపాలు లేవనట్లేదు. మలుపుల్లో బాగా ఒరుగుతుంది. ఆ నెమ్మదైన ఊపు కొందరికి కడుపులో తిప్పుతుంది కూడా. అవి దాని అసలు లోపాలు, రాయండి. లేని లోపాలు అంటగట్టకండి.

దీన్ని తయారుచేసినవాళ్ళు మాత్రం మనకన్నా శ్రద్ధగా టెస్ట్ చేశారు. పాల్ మాజెస్ రూపొందించిన ఈ పద్ధతిని 1954లోనే పాత ట్రాక్షన్ అవాంట్ సిక్స్ సిలిండర్ కారుకి, వెనక చక్రాలకి మాత్రమే పెట్టి అమ్మారు. మర్నాటి ఏడే నాలుగు చక్రాలకీ పెట్టారు. 1965లో రోల్స్ రాయిస్ అంతటిది సిల్వర్ షాడో ఎత్తు సర్దుబాటు కోసం ఇదే టెక్నాలజీని లైసెన్సుకి తీసుకుంది.

2017లో సీ5 ఆగిపోవడంతో సిట్రోయెన్‌లో ఈ గోళాల కథ ముగిసింది. షోరూంకి వెళ్ళి సరిచూసుకుందామంటే కొత్తది దొరకదు. మిగిలిన పాత కార్లే సాక్ష్యం. పాడైపోయిన సాక్షిని పట్టుకొచ్చి అడిగితే, రేపు ఆ తప్పుడు మాటే చరిత్రగా నిలిచిపోతుంది.

అంచేత బాబూ, ముందు గోళాల్లో గ్యాసు నింపించండి. సరైన టైర్లు వేయించి, నలుగురినీ ఎక్కించుకుని, గతుకుల రోడ్డు మీద వెనక సీట్లో కూర్చుని ఓ గంట తిరగండి. ఆ తర్వాత తిట్టండి, నేనూ వింటాను.